చాంబర్ మారింది

ఆదివారం పొద్దున్నే కొడుకు కారు కింద దూరాడు.

ఆయిల్ మార్చడం కూడా ఒక విద్యేనా, మనమే చేసుకోవచ్చని వారం నుంచి ఇంట్లో ఊదరగొడుతున్నాడు. ఫోన్‌లో నాలుగు వీడియోలు చూశాడు. కొత్త స్పానర్లు కొన్నాడు. జాకీ, ఇనప స్టాండ్లు, పాత టబ్బు, చేతులకు తొడుగులు. ఆపరేషన్ థియేటర్‌లో కూడా అంత హడావుడి ఉండదు.

"మెకానిక్ ఉండగా నీకెందుకురా ఈ యాతన?" అని మాస్టారు మూడుసార్లు చెప్పి చూశారు. కొడుకు వింటేనా!

మాస్టారంటే అతని తండ్రే. ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఈ పూట మాత్రం వాకిట్లో కుర్చీ వేసుకుని టార్చిలైటు పట్టుకునే ఉద్యోగంలో ఉన్నారు.

బోల్టు విప్పగానే నల్లటి నూనె టబ్బులోకి దిగింది. సగం కొడుకు మోచేతి మీదుగా చొక్కాలోకి దిగింది. కోడలు కిటికీలోంచి చూసి పకపకా నవ్వింది.

"ఆ చొక్కా నేను ఉతకను. ముందే చెప్తున్నా!"

కారు కింద నుంచి కొడుకు గొంతు వినిపించింది.

"నాన్నా, లైటు ఇటు కొట్టు. ఈ చాంబర్ మనది కాదు."

చాంబర్ అంటే ఇంజన్ కింద ఆయిల్ నిలిచే ఇనప తొట్టి. వీడియోలో ఇదే రకం కారుకి అది నల్లగా నిగనిగలాడుతోంది. ఇక్కడున్నది తుప్పు గీకి రంగు పూసిన పాతది. పక్కన పసుపు రంగుతో ఏదో నంబరు కూడా రాసి ఉంది, తుక్కు సామాన్ల దుకాణంలో రాసినట్టు.

కొడుకు బయటికి పాక్కుంటూ వచ్చాడు.

"కొట్టేశాడు! నిక్షేపంలాంటి చాంబర్ పీకేసి చెత్త సామాను తగిలించాడు. కొన్నప్పటి నుంచి వాడిది తప్ప ఇంకొకడి చెయ్యి పడలేదు ఈ బండి మీద!"

'వాడు' అంటే వీధి చివర మెకానిక్. మాస్టారి దగ్గర చదువుకున్నవాడు. ఆ పరిచయంతోనే కొడుకు తన ఆఫీసు కార్లు ఆరూ అతనికి అప్పజెప్పాడు. అతని షెడ్డు నడిచేది ఆ ఆరు కార్ల మీదే.

"పోనీలేరా. బండి బాగానే నడుస్తోందిగా" అన్నారు మాస్టారు.

"పోనివ్వడమేంటి? నీ శిష్యుడని వెనకేసుకొస్తున్నావా?"

ఫోన్ వెళ్ళింది. పది నిమిషాల్లో మెకానిక్ వచ్చాడు. సెలవురోజు కదా, ఉతికిన చొక్కా వేసుకున్నాడు.

"నమస్కారం మాస్టారూ" అన్నాడు ముందుగా.

"ఆ నమస్కారాలు తర్వాత. ఇదేంటో చెప్పు" అన్నాడు కొడుకు.

మెకానిక్ వంగి చూశాడు. చూడ్డానికేముంది, తను బిగించిందే. లేచి నిలబడి మాస్టారి వైపు ఒకసారి చూశాడు. మాస్టారు టార్చి ఆర్పుకునే పనిలో ఉన్నారు.

"మార్చింది నేనే సార్."

"ఎందుకు మార్చావ్?"

మెకానిక్ వంగి, కింద పడున్న స్పానరు తీసి టబ్బు పక్కన పెట్టాడు.

"పోనీ, మాతో ఒక్క ముక్క చెప్పావా?"

"మీకు చెప్పలేదు సార్. తప్పే."

"మా చాంబర్ ఎవడికి అమ్ముకున్నావ్?"

మెకానిక్ ముఖం కందిపోయింది. "అమ్ముకోలేదు సార్" అని మాత్రం అన్నాడు.

పక్కింటాయన గోడ అవతల మొక్కలకు నీళ్ళు పోస్తున్నాడు. పోస్తున్నాడంటే, ఐదు నిమిషాల నుంచి ఒకే కుండీకి పోస్తున్నాడు. రేపటికి వీధంతా తెలిసిపోతుంది.

కోడలికి జాలేసింది. బయటికి వచ్చి, "కారణం ఏదైనా ఉంటే చెప్పన్నా. ఆయన కోపం అంతసేపే" అంది.

"ఏం లేదమ్మా."

"ఏముంటుంది! దొంగతనానికి కారణం కూడానా?" కొడుకు చేతి తొడుగులు లాగి పారేశాడు. "రేపట్నుంచి ఆఫీసు కార్లు నీ దగ్గరికి రావు. తాళాలు పొద్దున్నే పంపించెయ్."

"సార్, షెడ్డులో ఇంకా ఇద్దరు పనివాళ్ళున్నారు..." మెకానిక్ అక్కడే ఆగిపోయాడు. "సరే సార్."

కొడుకు తండ్రి వైపు తిరిగాడు.

"చూశావా నాన్నా నీ శిష్యరత్నాన్ని! అబద్ధమాడిన పిల్లల్ని పీరియడంతా నిలబెట్టేవాడివి. వీణ్ణి ఒక్క మాట అను. నీ మాటకైనా సిగ్గుపడతాడేమో."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. అక్కడికక్కడే భూమిలోకి కుంగిపోతే బాగుండనిపించింది. ముప్ఫై ఏళ్ళు గొంతు చించుకుని పాఠాలు చెప్పిన మనిషి ఇప్పుడు గొణిగినట్టు మాట్లాడారు.

"ఇంకెప్పుడూ... ఇలా చెయ్యకు" అన్నారు తన చెప్పుల వైపు చూసుకుంటూ.

"అలాగే మాస్టారూ" అన్నాడు మెకానిక్. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది ఆయనకు.

మెకానిక్ గేటు నెమ్మదిగా వేసి వెళ్ళిపోయాడు. కోడలు కాఫీ తెచ్చింది. మాస్టారు ముట్టుకోలేదు.

కొడుకు పక్కన కూర్చుని తండ్రి భుజం మీద చెయ్యి వేశాడు. "నీ దగ్గర చదువుకున్నవాడు ఇలా తయారయ్యాడని సిగ్గుగా ఉంది కదూ? ఊరుకో నాన్నా. ఇందులో నీ తప్పేముంది?"

నీకు చూపు ఆనడం లేదు, ఇక కారు ముట్టుకోవద్దని కొడుకు తన దగ్గర మాట తీసుకున్న వారానికే, అతను ఊళ్ళో లేని రోజు బండి బయటికి తీసి, మలుపులో రాయి మీదికెక్కించి చాంబర్ పగలగొట్టి, "సాయంత్రం లోపల దొరికిందేదో తగిలించెయ్, మావాడికి మాత్రం చచ్చినా చెప్పకురా" అని ఆ శిష్యుడి రెండు చేతులూ పట్టుకున్నది మాస్టారే.