కిటికీ దగ్గరి టెక్సాస్ మనిషి

ఎదుటి హోటల్ కిటికీ దగ్గర రోజూ కూర్చుని తినే ఆ తెల్లవాడు దొంగ అమెరికావాడని పావోచూకి మొదటి రోజే అనుమానం వచ్చింది. దాన్ని రుజువు చేసి, ఆ హోటల్ బోర్డు పీకించేదాకా నిద్రపోకూడదని పంతం పట్టింది.

తైవాన్‌లోని చియాయీ ఊళ్లో ఆమెది టర్కీ కోడిమాంసం కలిపిన అన్నం అమ్మే కొట్టు. తల్లి చేతి నుంచి వచ్చింది. మధ్యాహ్నమైతే జనం వీధి మలుపు దాకా వరస కట్టేవారు. ఏడు నెలల కిందట ఎదురుగా కువో అనే నలభై ఏళ్ల మనిషి అమెరికా బార్బెక్యూ హోటల్ తెరిచాడు. 'నిజమైన టెక్సాస్‌వాడు కాల్చిన మాంసం' అని పెద్ద బోర్డు పెట్టాడు. మొదట్లో ఈగలు తోలుకున్నాడు. పావోచూకి జాలి కూడా వేసింది.

ఆ తర్వాత ఒకరోజు కిటికీ దగ్గర ఆ తెల్లవాడు ప్రత్యక్షమయ్యాడు. పెద్ద టోపీ, గళ్ల చొక్కా, మోచెయ్యంత పక్కటెముక. పదిహేను రోజులు తిరక్కుండా పావోచూ వరస మొత్తం రోడ్డు దాటిపోయింది. వాళ్లాయన ఆతెంగ్‌తో సహా.

"సిగ్గులేదటయ్యా? శత్రువు ఇంట్లో తింటావా?" అని నిలదీసింది.

"నీ తరఫున కూపీ లాగుదామని వెళ్లానే."

"మూతికి ఆ మసి తుడుచుకుని చెప్పు."

ఇక లాభం లేదని తనే రంగంలోకి దిగింది. మేనకోడలి విగ్గు, నల్లకళ్లద్దాలు పెట్టుకుని, తెల్లవాడికి రెండు బల్లల అవతల చోటు పట్టింది. కువో వచ్చి, "కూర్చోండి. ఏం... తింటారు?" అన్నాడు. ఆ మనిషి ఎప్పుడూ అంతే. నాలుగు మాటలు దాటడు, అవీ తడబడుతూ. పుట్టు నత్తి అని వీధంతా అనుకునేది.

తొమ్మిది రోజులు నిఘా వేసింది. తినకుండా కూర్చుంటే అనుమానం వస్తుందని తప్పనిసరై తినేది. లాంగన్ పండ్లచెట్టు కట్టెల పొగలో రాత్రంతా మగ్గిన గొడ్డుమాంసం నోట్లో పెడితే కరిగిపోయేది. అది కరిగినప్పుడల్లా ఆమెకు కోపం ఇంకా పెరిగేది. మూడో రోజున తెల్లవాడు పక్కటెముకను కత్తీ ఫోర్కుతో ముక్కలు చేసుకోవడం చూసింది. ఐదో రోజున ఒక కాలేజీ అమ్మాయి ఇంగ్లీషులో పలకరిస్తే, వాడు టోపీ కొద్దిగా ఎత్తి, మళ్లీ ఎముక మీద పడ్డాడు. తొమ్మిదో రోజున వాడికి ఫోన్ వచ్చింది. వాడు మాట్లాడిందంతా పావోచూ రికార్డు చేసి మేనకోడలికి వినిపించింది.

"అత్తా, ఇది ఇంగ్లీషు కాదు."

"మరేంటి?"

"ఏమో. కానీ వాళ్లమ్మతో మాట్లాడుతున్నాడు. తిట్లు తింటున్నట్టున్నాడు."

పదో రోజు మధ్యాహ్నం, హోటల్ కిక్కిరిసి ఉన్న వేళ చూసుకుని, పావోచూ నగర వినియోగదారుల శాఖ అధికారి హుంగ్‌ని వెంటబెట్టుకొచ్చింది. ఈసారి విగ్గు లేదు. నేరుగా కిటికీ దగ్గరికి వెళ్లి వేలు చూపించింది.

"ఈయనేనండీ. వీధి వీధినంతా మోసం చేసిన ఘనుడు."

హుంగ్ గుర్తింపు కార్డు అడిగాడు. తెల్లవాడు చేతులు తుడుచుకుని, బుద్ధిగా తీసిచ్చాడు. హుంగ్ గట్టిగా చదివాడు.

"పేరు వాసిలే. దేశం మాల్డోవా. భార్య మన ఊరి నర్సు. పని చేసుకునే హక్కుంది."

"మాల్డోవానా? అదెక్కడ?" అన్నారెవరో వరసలోంచి.

"ఎక్కడైతేనేం, టెక్సాస్‌లో మాత్రం లేదు!" పావోచూ గొంతు హోరెత్తింది.

"నేను టెక్సాస్ అని ఎప్పుడూ అనలేదమ్మా," అన్నాడు వాసిలే, అచ్చమైన చియాయీ యాసలో. "టోపీ పెట్టుకుని తినమన్నారు. తిన్నాను."

హోటల్లో గుసగుసలు లేచాయి. ఇద్దరు ముగ్గురు పళ్లేలు వదిలేసి లేచారు. ఆతెంగ్ తన పళ్లెం మీద వంగి, త్వరత్వరగా నమలసాగాడు.

హుంగ్ కువో వైపు తిరిగాడు. "బోర్డు మీద నిజమైన టెక్సాస్‌వాడు కాల్చిన మాంసం అని రాశారు. ఇక్కడ మాంసం కాల్చేదెవరు?"

కువో చేతులు ఏప్రాన్‌కి తుడుచుకున్నాడు. "నేనే."

"విన్నారా అందరూ! మన నత్తి కువోనట!" అని పావోచూ చప్పట్లు కొట్టింది. నవ్వులు మోగాయి. కువో చెవులు ఎర్రబడ్డాయి.

"మీ గుర్తింపు కాగితం?"

కువో లోపలికి వెళ్లి ముదురు నీలిరంగు పాస్‌పోర్టు ఒకటి తెచ్చిచ్చాడు. హుంగ్ చూశాడు. కళ్లజోడు పైకి తోసుకుని మళ్లీ చూశాడు. మూడోసారి కువో ముఖంతో పోల్చి చూశాడు.

"బోర్డులో తప్పేమీ లేదమ్మా," అన్నాడు చివరికి, నీళ్లు నములుతూ. "ఈయన పుట్టింది టెక్సాస్‌లోనే. మన దేశం వచ్చి రెండేళ్లే అయింది."

పావోచూ కువో ముఖంలోకి, అచ్చం తమ ఊరివాళ్లలాంటి ఆ ముఖంలోకి, అదోలా చూసింది.

"మరి ఆ కిటికీ దగ్గర ఈ తెల్లవాడెందుకయ్యా?"

కువో ఒక్కో మాటా వెతుక్కుంటూ, తడుముకుంటూ చెప్పాడు. "మొదటి ఆరు నెలలు... అక్కడ, ఆ టోపీతో, నేనే కూర్చున్నాను. ఒక్కరూ... లోపలికి రాలేదు."