మారథాన్ నొప్పులు

మంచం మీంచి లేవడానికి యుగంధర్‌కు మూడు విడతలు పట్టింది. ముందు పక్కకు దొర్లాడు. తర్వాత మంచం పట్టె దొరకబుచ్చుకున్నాడు. చివరికి యాదగిరి నర్సన్నను తలుచుకుని నిలబడ్డాడు. బయట ఇంకా చీకటి. సూర్యాపేటలో పాలవాళ్ళు కూడా లేవని వేళ.

"మానుకుందమా?" అంది భార్య వందన. "మీతోని కాకపోతే చెప్పున్రి. ఏం కాదు."

'ఏం కాదు' అనేటప్పుడు ఆమె గొంతు సన్నబడింది.

"మాటిచ్చిన గద. ఆగస్టుల పరుగు అయ్యేదాక ఆగేది లేదు," అన్నాడు నడుం పట్టుకుని. ఇప్పుడు తను చేతులెత్తేస్తే ఈ ఏటికి మారథాన్ లేనట్టే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

హైవే పక్కనే సూర్యాపేట నుంచి కోదాడ దాకా పరుగు. ఏదో క్లబ్బువాళ్ళు ఆ ఏడాదే మొదలుపెట్టారు. పోస్టరు చూసిన రోజు యుగంధర్ ఛాతీ తట్టుకున్నాడు.

"రెండు నెల్ల తయారీ! గిదేం పెద్ద పని? నేను చూసుకుంట," అన్నాడు.

మొదటి వారానికే ఒళ్ళు హూనమైంది. తర్వాత నడుం పట్టేసింది. ఆ తర్వాత భుజాలు. కూతురు సంగీత రోజూ ప్లేటు ముందు కూర్చుని, "ఇయ్యాల గూడ ఉప్మానేనా?" అని మూతి తిప్పేది.

"మారథాన్ అయ్యేదాక సర్దుకో బిడ్డా," అనేవాడు. అంత పెద్ద పరుగంటే మరి ఇంటిల్లిపాదీ త్యాగం చేయాల్సిందే.

ఆఫీసులో మాత్రం గౌరవం పెరిగింది. పదకొండు కాకముందే అతని తల ఫైలు మీద వాలిపోయేది. ఇదివరకైతే మెమో వచ్చేది. ఇప్పుడు హెడ్ క్లర్క్ అబ్రహాం ఫ్యాను అతని వైపు తిప్పించాడు.

"లొల్లి చెయ్యకున్రి. చీకట్ల లేచి కష్టపడి వస్తున్నడు మనిషి," అని అందరినీ గదిమాడు.

అబ్రహాం ఆదివారం పేపర్లో ఆరోగ్యం పేజీ వదలకుండా చదువుతాడు. కాబట్టి నొప్పులన్నీ ఆయనకే విన్నవించుకోవాలి.

"ఉరికేటోళ్ళకు పిక్కలు గుంజాలె. నీకు నడుమెందుకు గుంజుతున్నది?"

"ఏమో సార్. వంగితే లేవొస్తలేదు."

"ముందుకు వంగి ఉరుకుతున్నవ్, గందుకే. నిటారుగ ఉరుకు. భుజాలు?"

"ఎత్తొస్తలేదు."

"చేతులు మస్తు ఊపుతున్నవ్."

పెద్దవాళ్ళ మాటకు అడ్డు చెప్పడం యుగంధర్‌కు అలవాటు లేదు. తలూపాడు. "వేలి మీద బొబ్బ గూడ లేసింది సార్."

అబ్రహాం ఇబ్బందిలో పడ్డాడు. కాలివేలికి రావలసిన బొబ్బ చేతివేలికి రావడం ఏ ఆదివారమూ చదవలేదు.

"ఒంట్ల వేడి. సబ్జా నీళ్ళు తాగు," అని తేల్చేశాడు.

పక్క టేబుల్ అనసూయ ఆ రెండు నెలలూ తన ఫైళ్ళతో పాటు అతనివీ చూసింది. ఓ రోజు ఫైలు అందిస్తూ అతని అరచేతుల వంక చూసి ఆగింది.

"ఏం సబ్బు వాడుతున్నరు సార్? మార్చి చూడున్రి."

యుగంధర్ చేతులు టేబుల్ కిందికి లాక్కున్నాడు.

మిర్యాలగూడ నుంచి అక్క మొగుడు పరశురాములు దిగాడు. రైస్ మిల్లు ఆసామి. మిల్లులో బస్తాలు మోసే హమాలీలు రాసుకునే నూనె ఓ సీసాడు తెచ్చాడు. మూత తీస్తే వాసన వీధి చివరిదాకా పోయింది.

"ఏం బావమర్దీ, మా చెల్లె నీకు కాళ్ళు గిట్ల వత్తుతలేదా?"

"పాపం, తొమ్మిదికే పండుకుంటది బావ."

"మొగడు గింత కష్టపడుతుంటే నిద్రెట్ల పడుతదయ్యా!" పరశురాములు మనసు కరిగి నీరైంది. "నువ్వు పరేషాన్ గాకు. నేనున్న. ఫ్లెక్సీ కొట్టిస్త."

"ఫ్లెక్సీ ఒద్దు బావ! నీ కాళ్ళు మొక్కుత."

ఇంత వినయమున్న మనిషికి చిన్న ఫ్లెక్సీ సరిపోదని పరశురాములు పెద్దదే కొట్టించాడు.

ఆ రోజు రానే వచ్చింది. హైవే పక్కన డప్పులు మోగుతున్నాయి. రెండు కరెంటు స్తంభాల మధ్య యుగంధర్ చేతులు జోడించి నవ్వుతున్నాడు. 'పరుగుల పులి యుగంధరన్నకు శుభాకాంక్షలు.' శుభాకాంక్షలు చెప్తున్న పరశురాములు బొమ్మ పులికి రెండింతలుంది. ఆఫీసు మొత్తం తరలివచ్చింది. అబ్రహాం చేతిలో సబ్జా నీళ్ళ సీసా. అనసూయ ఏమీ తేలేదు. నవ్వు ఆపుకుంటూ ఓ పక్కన నిలబడింది.

యుగంధర్ ఆటో దిగాడు. మెడలో తువ్వాలు, భుజాన సంచి. ఫ్లెక్సీ చూసి మళ్ళీ ఆటో ఎక్కబోయాడు. అప్పటికే ఆటో వెళ్ళిపోయింది. పక్కన వందన, ముసురుకు శాలువా నిండా కప్పుకుని నిలబడింది.

పరశురాములు పరుగున వచ్చి బంతిపూల దండ అతని మెడలో వేశాడు. ఆ బరువుకు నడుం కలుక్కుమంది.

"ఇంక చూస్తవేందయ్యా? నంబరేది? ఈల ఏస్తున్నరు, జల్ది!"

యుగంధర్ సంచిలోంచి నంబరు కాగితం తీశాడు. జనం వంక చూశాడు. వందన వంక చూశాడు.

'అమ్మా' అని మూలుగుతూ వంగి వందన బూట్ల లేసులు బిగించి, శాలువా తీసి ఆమె టీషర్టుకు నంబరు గుచ్చి, "నువ్వు ఉరుకు, నేను ఇంటికి పోయి సంగీతకు ఉప్మా చేసి, గిన్నెలు తోమి, బట్టలు పిండి బస్సుల కోదాడకొస్త," అన్నాడు.