పదమూడు రోజులు వెనకబడ్డ ఫోను

"ఆఫీసుతో కలవనని మొండికేసింది పిన్నీ, నీ ఫోను!" అంది నర్సుల ఆఫీసు గుమాస్తా దున్య, దాన్ని మూడోసారి ఆపి, మళ్లీ వేస్తూ.

ఆ ఫోను స్తమేనది. సెర్బియా కొండ ఊళ్లలో ముసలివాళ్లకు సూదులు వేసే నర్సు ఆమె. ఆ ఫోను నుంచి రెండు వారాలుగా ఆఫీసుకు ఒక్క కబురూ రాలేదు. పని ఎగ్గొడుతోందని ఆమెను తీసేసే కాగితం దున్య బల్ల మీదే ఉంది.

"సిగ్నలుంది, పాస్‌వర్డు సరిగ్గానే ఉంది... ఇదేమిటి, తేదీ పదమూడు రోజులు వెనకుంది! ఎవరు మార్చారు?"

"నేనే. చర్చి పాత క్యాలెండరు ప్రకారం పెట్టుకున్నా, అది పదమూడు రోజులు వెనకే నడుస్తుంది. ఉపవాసాల రోజులు కదే పిల్లా! ఏ గడప తొక్కినా 'ఇవాళ ఏ పునీతుడి రోజమ్మా?' అనే అడుగుతారు. వాళ్లకి ఆఫీసు తేదీ ఎందుకు?"

"తేదీ తప్పితే ఆఫీసు మిషను మన ఫోనును నమ్మదు పిన్నీ!" నెత్తి కొట్టుకుని నవ్వుతూ దున్య తేదీ సరిచేసింది.

ఫోను ఠక్కున కలిసింది. ఇరుక్కున్న కబుర్లన్నీ బిలబిలా ఆఫీసుకు చేరాయి. సూదులు, కట్లు, నలభై ఒక్క ఇళ్లు. మంచు దారులు మూసిన రోజు కూడా మానలేదు. చదువుతున్న దున్య నవ్వు ఆగిపోయింది. కాగితం తిప్పి, 'తప్పు తేదీది, మనిషిది కాదు' అని రాసింది.

"ఒక్కటే చిక్కు పిన్నీ. రాదోయె తాత నిన్న జారిపడితే, నువ్వు పదమూడు రోజుల ముందే కట్టు కట్టావంటోంది నీ ఫోను."

"ముందే వెళ్లానుగా! దానికీ తప్పు పడతారా?"