ఉడుము తిట్టిన రోడ్డు

మీ ఇంటి ముందు రోడ్డు ఏ కొండను తిని పుట్టిందో ఎప్పుడైనా అడిగారా?

ఉడుముకి ఆ అవసరం లేదు. దాని కళ్ళ ముందే అది ఉండే కొండను సగం పేల్చి, కంకర చేసి, కింద రోడ్డేశారు. అందుకే దాటినప్పుడల్లా "నా కొండను మింగిన మాయదారి రోడ్డూ!" అని తిట్టి మరీ దాటేది.

ఏళ్ళు గడిచి రోడ్డంతా గుంతలు పడ్డాయి. ఒక పొద్దున కాకి వచ్చి వాలింది. "అక్కా, కొత్త రోడ్డు వేస్తారట. మిగిలిన సగం కొండకీ మూడింది, సర్దుకో!"

"ఏం సర్దుకోను? బొరియలో గుడ్లున్నాయి. నెత్తిన పెట్టుకుని పోనా?"

మూడు రోజులు బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. పేలుడు వినపడలేదు. నాలుగో రోజు దిగి చూస్తే, ఒక యంత్రం పాత రోడ్డునే గీకి, ఆ కంకరనే మళ్ళీ తారుతో కలిపి పరుస్తోంది.

"నిన్ను చీల్చి నిన్నే వేస్తున్నారా? నొప్పి లేదూ?" అంది ఉడుము.

"లేకేం! కానీ నా రాళ్ళలో సత్తువ ఇంకా ఉంది తల్లీ. నేను సరిపోతే వాళ్ళు కొండ జోలికి రారు," అంది రోడ్డు. "ఇన్నాళ్ళూ తిట్టావు గానీ, నేనెవరో చూశావా? నీ కొండలో పోయిన సగాన్ని నేనే."

తారు చల్లారాక ఉడుము, పుట్టింటి బండ మీద పడుకున్నట్టు, ఆ రోడ్డుకి పొట్ట ఆనించి చాలాసేపు పడుకుంది. పిల్లలు పుట్టాక ముందు అక్కడికే తీసుకొచ్చి దణ్ణం పెట్టించింది.

మీ వీధి రోడ్డు తవ్వే రోజున బయటికి రండి. ఆ కంకరను చెరువులో పారబోయనివ్వకండి. దాంతోనే వేయమని అడగండి. గట్టిగా అడగండి, కొండ మీద గుడ్లున్నాయి.