పన్నెండు కుటుంబాల సొమ్ము

వీరభద్రం దివాలా తీసి పన్నెండు కుటుంబాల చీటీ డబ్బు మింగేశాడన్నది ఆష్‌బర్న్ తెలుగువారందరికీ తెలిసిన విషయం.

చీటీ ముందుగా పాడుకున్న ఇద్దరు ఉద్యోగాలు పోయి ఇండియా వెళ్ళిపోయారనీ, నడిపినవాడిగా ఆ భారం ఆయన మీద పడిందనీ కొందరికి లీలగా గుర్తుంది. కానీ మింగేశాడని చెప్పడం సులువు.

అరవై దాటిన వయసులో ఆయన గ్రాసరీ స్టోర్ కౌంటర్‌లో నిలబడితే, సొమ్మంతా హైదరాబాద్ ప్లాట్లలో పెట్టి ఇక్కడ పేద వేషం వేశాడన్నారు.

రోజంతా సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే ఆ మనుషులు, ఈ ఒక్క మాటను ఏడేళ్ళలో ఒక్కసారి కూడా పరీక్షించలేదు.

ఒక శనివారం లైబ్రరీ కాపీ మిషన్ దగ్గర జగదీష్ చేతిలోంచి కాగితం జారింది. పక్క బల్ల దగ్గర ఒకావిడకు టాక్స్ ఫారం నింపిపెడుతున్న వీరభద్రం లేచి దాన్ని తీశాడు. ఇవ్వబోతూ పైన రాసి ఉన్నది చదివాడు.

"చాప్టర్ సెవెన్ దివాలానా, జగదీష్ గారూ?" గొంతు తగ్గించి అడిగాడు.

జగదీష్ ఆ కాగితాన్ని లాక్కున్నట్టే తీసుకున్నాడు. అతని రెస్టారెంట్ మూతపడి ఎనిమిది నెలలైంది. బ్యాంకు లోనూ, క్రెడిట్ కార్డులూ అన్నీ అతని పేరు మీదే ఉన్నాయి.

"లాయర్ ఉన్నాడండీ. చూసుకుంటాడు."

"ఆయనకి అన్నీ చెప్పారా?"

"చెప్పాల్సినవి చెప్పాను."

"మనవాళ్ళ దగ్గర తీసుకున్న చేబదుళ్ళు?"

జగదీష్ కాగితాన్ని మడతపెట్టాడు. స్నేహితుడు జితేందర్ ఇచ్చిన పద్దెనిమిది వేల డాలర్లు అందులోని అప్పుల జాబితాలో లేవు. కోర్టు నోటీసు జితేందర్ ఇంటికి వెళ్ళిందంటే వీకెండ్ పార్టీలన్నిటిలో తన మాటే.

"ఫోర్ ఓ వన్ కేలో రిటైర్‌మెంట్‌కి దాచింది విత్‌డ్రా చేసి వాడికి ముందే ఇచ్చేస్తా. మనవాళ్ళని ఇందులోకి లాగడం ఎందుకు?"

"ఇస్తేనే లాగినట్టండీ. ఫైల్ చేసేముందు ఒక్కళ్ళకే ఇచ్చారనుకోండి, కోర్టు తరఫు ట్రస్టీ ఆ డబ్బు వాళ్ళ దగ్గర వసూలు చేసి అప్పులవాళ్ళందరికీ పంచుతాడు. రిటైర్‌మెంట్ డబ్బు జోలికి మామూలుగా ఎవరూ రారు. మీ చేతులతో మీరే తీస్తే అదీ పోతుంది. అందరి పేర్లూ రాసేయండి. సిగ్గుగానే ఉంటుంది. నాకూ ఉండింది. కేసు ముగిశాక ఎవరికైనా ఇవ్వాలనిపిస్తే ఇవ్వొచ్చు. చట్టం వద్దనదు."

"ఇవ్వాలనిపించకపోతే మీలాగా ఉండిపోవచ్చు."

బల్ల దగ్గరి ఆవిడ తలెత్తి చూసింది.

వీరభద్రం ఒక్క క్షణం అతని ముఖంలోకి చూశాడు. జగదీష్ చూపు తిప్పుకున్నాడు.

"స్టేప్లర్ ఆ చివర ఉంటుందండీ" అని చెప్పి ఆయన తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

రెండు వారాల్లో జగదీష్ జితేందర్‌కు పద్దెనిమిది వేలూ ఇచ్చేశాడు. ఆపై నెల తిరక్కుండా కేసు ఫైల్ చేశాడు. ఎవరి కంటా పడకూడదని వాట్సాప్ గ్రూపులన్నిటి నుంచీ తప్పుకున్నాడు.

జూమ్ మీటింగ్‌లో ట్రస్టీ ప్రమాణం చేయించి, కేసు ఫైల్ చేసేముందు తొంభై రోజుల్లో స్నేహితులకేమైనా చెల్లించారా అని అడిగాడు. అబద్ధమాడే ధైర్యం జగదీష్‌కు లేకపోయింది.

మూడు వారాల తర్వాత జితేందర్ ఫోన్ చేశాడు.

"ఏందిరా ఇది? పద్దెనిమిది వేలు నేను వాపస్ కట్టాల్నంట. ఆ పైసలు మా బిడ్డ వేద కాలేజ్ ఫీజుకి కట్టేసిన."

"సారీ రా. నీ పేరు బయటికి రావద్దనే..."

"వచ్చింది గదా, లాయర్ లెటర్ మీద. నీకన్నా ఆ పోయిన వీరభద్రం నయం. కేసు అయినంక ఇంటికొచ్చి నా చీటీ పైసలు నాకిచ్చిండు."

"పోయిన వీరభద్రమా?"

"పోయిన నెల హార్ట్ ఎటాక్. గ్రూపులు ఎగ్జిట్ అయితివి, నీకెట్ల తెలుస్తది? ఫ్యూనరల్‌కి మనోళ్ళు ఎవ్వరం పోలే."

"నీకు ఇచ్చేశాడా?"

"నాకొక్కనికే. గట్టిగ అడిగిన గదా. బయట అనకు, మిగతావాళ్ళు నా మీద పడతరు."

ఆ సాయంత్రం జగదీష్ చీటీలో డబ్బు పోయిందన్న పన్నెండు కుటుంబాల పేర్లూ ఒక కాగితం మీద రాసుకుని, జితేందర్ పేరు పక్కన గీత పెట్టి, మిగతావాళ్ళకు ఫోన్ చేయడం మొదలుపెట్టాడు.

"మాకైతే ఇచ్చేశారండీ" అంది రాగిణి. "మా ఆయనంటే ఆయనకి మొహమాటం. మీరెవరితోనూ అనకండేం."

"నాది వచ్చేసింది అన్నా" అన్నాడు అవినాష్. "నాకొక్కడికే ఇచ్చాడు. మిగతావాళ్ళకి ఎగ్గొట్టాడుగా, దొంగ."

ఎనిమిదో ఫోన్ తర్వాత జగదీష్ ప్రశ్న అడగడం మానేశాడు. చీటీ మాట ఎత్తగానే అవతలివాళ్ళే గొంతు తగ్గించి అదే జవాబు చెబుతున్నారు.

పదకొండు పేర్ల పక్కన పదకొండు గీతలు పడ్డాయి.

పన్నెండో పేరు కోసం ఎవరికీ ఫోన్ చేయనవసరం లేదు. అది తనదే. ఐదేళ్ళ క్రితం ఒక ఆదివారం, వానలో తడిసిన కోటుతో వీరభద్రం తన గుమ్మంలో నిలబడి ఎనిమిది వేల డాలర్ల చెక్కు అందించాడు. తన ఒక్కడికే ఇచ్చాడనుకుని జగదీష్ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. తర్వాత కూడా ఆయన ప్రస్తావన వచ్చిన ప్రతి చోటా అందరితో పాటు తలాడించాడు.

జగదీష్ పన్నెండో గీత పెట్టాడు.

వీరభద్రం ఎవరికీ ఒక్క డాలరు కూడా బాకీ లేడు.