తూదావ్వ మిద్దె

కొండ మీద నల్లమబ్బు, మిద్దె మీద ఇరవైమంది. ఎదురు కొండ మేకలు సైతం తలలూపేలా పాడుతూ వాన కారకుండా తూదావ్వ ఇంటికప్పు మీద అడుసు తొక్కుతున్నారు.

పక్కింటాయన బస్సూ పరుగున వచ్చాడు. కాసాబ్లాంకా పట్నంలో కొట్టు పెట్టి బాగా గడించినవాడు. అతని ఇంటికప్పు పని సగంలో ఉండగానే పట్నం కూలీలు మబ్బు చూసి జారుకున్నారు.

"అవ్వా, వీళ్లకి కూలెంత?"

"గంగాళం నిండా గోధుమరవ్వ కుస్కుసు. ఉప్పెక్కువైంది, అయినా తింటారంట!"

"తలకి రెండొందల దిర్హాములిస్తా, నా మిద్దెక్కండి!"

పాట ఆగిపోయింది. ఒక్కరూ కదల్లేదు.

"సాయానికొచ్చినోళ్లకి వెల కడతావేంట్రా?" అంది తూదా.

"చేతిలో చిల్లిగవ్వ లేదు, ఈ పొగరేంటి నీకు?"

తూదా పకపకా నవ్వింది. "డబ్బుంటే నాకూ కూలీలే వచ్చేవాళ్లు నాయనా, వీళ్లు కాదుగా! వీళ్లందరి కప్పులూ తొక్కిన కాళ్లివి. నువ్వెవరి మిద్దెక్కావు?"

ఉరిమింది. బస్సూ తన సగం కప్పు వంక చూశాడు. మెల్లగా బూట్లు విప్పి నిచ్చెనెక్కాడు.

"ఎక్కడ తొక్కమంటావవ్వా?"

"ఆ మూల. ఇదవగానే అందరం నీ మిద్దెక్కుతాం. ముందు గొంతెత్తు! పాడకుండా తొక్కితే కూలోడివనుకుంటారు."