ఇరవై అంగుళాల తెర

డబ్బా విప్పకముందే మహేశ్ చివరిసారిగా చెప్పి చూశాడు.

"వినోద్ భాయ్, ఇంకోసారి సోంచాయించు. నీది పాత త్రీ ఎయిటీ సిక్స్ కంప్యూటర్. ఎంత పెద్ద మానిటర్ వెట్టినా అది పంపే బొమ్మ గదే. చుక్కలు లావైతయ్, గంతే. నీకు పదిహేనంగుళాలది సాలు. దీన్ని దుకాణంలకు వాపస్ తీస్కపోత."

వినోద్ నవ్వాడు. ఆ నవ్వులో మహేశ్ మీద జాలి, కంప్యూటర్ దుకాణాల వాళ్లందరి మీద చిన్నచూపు కలిసి ఉన్నాయి.

"నువ్వు వైర్లు గుచ్చెటోనివి. చీరల డిజైన్ సంగతి నీకేం ఎర్క? మగన్ సేట్ మూడుసార్లు వచ్చిండు, మూడుసార్లు మొఖం తిప్పుకొని పోయిండు. ఎందుకు? కనవడక! గంత చిన్న తెరల, అందుల బ్లాకండ్‌వైట్‌ల, నా నెమళ్లు ఈగల లెక్క ఉండె."

చీరల వ్యాపారి మగన్ సేట్‌కు నెమళ్లు బాగానే కనపడ్డాయని, కనపడటమే అసలు చిక్కని వినోద్ మొహాన చెప్పే ధైర్యం సూరత్ పక్కనున్న ఆ జోల్వాలో ఎవరికీ లేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, డిజైన్ నచ్చని ప్రతిసారీ అతను తప్పును మానిటర్ మీదికి నెట్టేవాడు. ఇప్పుడు మద్దెల మారింది. నాలుగోసారి కూడా నచ్చకపోతే వేరే డిజైనర్ని చూసుకుంటానని సేట్ ముందే చెప్పేశాడు. అప్పుడిక వినోద్‌కు మిగిలేది కింది షెడ్డులో మరమగ్గం నడపడమే. బట్ట నేసేవాళ్లంటే అతనికి మహా లోకువ.

ఇద్దరూ కలిసి మానిటర్ని బల్ల మీదికి ఎత్తారు. బల్ల కిర్రుమంది. వెలిగించగానే తెర మీద నెమళ్లు గజగజ వణికాయి. కింద మగ్గాలు ఆడుతుంటే గదంతా అదురుతోంది. మోటార్లకు దగ్గరైనందుకో ఏమో, ఒక మూల ఆకుపచ్చ కాస్తా ఊదాగా మారింది. మహేశ్ బల్లను ఎదుటి గోడకు జరిపించి, గుండీలు తిప్పి, బొమ్మను నడిమికి తెచ్చాడు. రంగులు కుదిరాయి గానీ నెమలి కన్ను పేర్చిన ఇటుకల్లా మెట్లు మెట్లుగా కనిపించింది.

"చెప్పిన్నా లేదా?" అన్నాడు మహేశ్.

"నీ కండ్లకు అట్లనే కనవడ్తది తీ," అని అతన్ని సాగనంపాడు వినోద్.

తల్లి లింగవ్వ వంటింటి గుమ్మంలోంచి తొంగిచూసింది. "గింత పెద్ద టీవీ ఏందిరా కొడుకా?"

"టీవీ కాదే అవ్వా. నీకు చెప్తె సమజైతదా? సేట్ వచ్చినంక ఇటు దిక్కు రాకు. చాయ్ నేనే తీస్కపోత."

కిందికి దిగి షెడ్డు నడిపే బిక్షపతిని పట్టుకున్నాడు. "ఒక్క గంట సాంచాలు బందు వెట్టు. పైన బొమ్మ వణుకుతున్నది."

"నీ నెమళ్లకు చలివెడ్తె నా సాంచాలు బందు వెట్టాల్నా?" అని బిక్షపతి తిట్టాడు. తిడుతూనే మగ్గాలు ఆపించాడు. అంతలో సూరత్ బజారు నుంచి మగన్ సేట్ స్కూటర్ మీద వచ్చి దిగాడు. వినోద్ వంగి వంగి దండాలు పెడుతూ అతన్ని పైకి తీసుకొచ్చాడు.

సేట్ మాట్లాడేది హిందీ. ఈసడింపుకు భాషతో పనిలేదు.

"ఏమయ్యా, సినిమా హాలు పెట్టావా?" అంటూ తెర ముందు కుర్చీలో కూలబడ్డాడు. మొదటి డిజైన్ చూసి, తర్వాతది చూపించమన్నట్టు "ఆగే," అన్నాడు. రెండోది చూసి ఆవలించాడు. "ఆగే. ఇన్నాళ్లూ చిన్న చెత్త చూపించావు. ఇప్పుడు పెద్ద చెత్త."

వినోద్ మూడోది తెచ్చాడు. అదే ఆఖరిది. అతని కళ్లు తెర మీద లేవు, సేట్ మొహం మీదే ఉన్నాయి.

సేట్ లేవబోయి ఆగాడు. కళ్లద్దాలు పెట్టుకుని ముందుకు వంగాడు. "అరే! పైన, సరిగ్గా నడుమ, ఈ ఎర్ర బుటా ఎవరు వేశారు?"

వినోద్ వెనకాముందూ చూడలేదు. "నేనే సేట్‌జీ. రెండ్రోజులు కూర్చుని అదొక్కటే వేశాను."

"ముందు రెండింటిలో కూడా ఉండే ఉంటుంది. నీ నెమళ్ల గోలలో నేనే చూడలేదు. ఏం పనితనం! అంచు సమంగా లేదు, కంప్యూటర్ గీసినట్టే లేదు. చేత్తో అద్దినట్టుంది."

"అదే నా ప్రత్యేకత సేట్‌జీ," అన్నాడు వినోద్ ఛాతీ విరుచుకుని. వైర్లు గుచ్చే మహేశ్‌కు ఈ మాట వినపడితే బాగుండుననిపించింది.

"ఈ నెమళ్లు తీసేయ్. తీగలు తీసేయ్. పసుపు చీర నిండా ఈ ఒక్క బుటానే పడాలి. ఈ సీజన్ డిజైన్లన్నీ నీకే. ఊఁ, తీసేయ్, నా కళ్ల ముందే."

వినోద్ మీటలు నొక్కాడు. నెమళ్లు పోయాయి. తీగలు పోయాయి. తెరంతా ఖాళీ అయింది. ఎర్ర బుటా ఒక్కటే మిగిలింది.

"వాహ్!" అని సేట్ తొడ చరిచాడు.

వినోద్ అప్పుడు మొదటిసారి తెరకేసి సరిగ్గా చూశాడు. అలాంటి బుటా అతనెన్నడూ వేయలేదు. మీట నొక్కాడు. పోలేదు. మళ్లీ నొక్కాడు. పోలేదు. మానిటర్ స్విచ్ ఆపేశాడు. తెర నల్లబడింది. బుటా మాత్రం అక్కడే ఉంది. వేలు దాని మీదికి చాచాడు.

లింగవ్వ వంటింట్లోంచి పరుగున వచ్చింది. "తుడ్వకు కొడుకా! కొత్త సామాను బోసిగ ఉండొద్దని నేనే గింత కుంకుమబొట్టు వెట్టిన."